మేం పంపని చిప్పుకు వచ్చిన ఫలితం

బెంగళూరులోని ఆ సంస్థకు నేను రాసిన ఏ ఉత్తరానికీ ఇంతవరకూ ఒక మనిషి జవాబివ్వలేదు. మెయిల్ పెడితే 'అందింది' అని యంత్రం చెప్పింది. ఫోన్ చేస్తే మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమని ఒక ఆడగొంతు చెప్పి, సంగీతం పెట్టి వెళ్ళిపోయింది. సంస్థ పేరు రాస్తే పరువు నష్టం అంటారు కాబట్టి రాయను. వాళ్ళకు తెలుసు. అక్కడికి వెళ్ళి చూసే అవసరం మీకు రాకూడదని కోరుకుంటూ, నేను వెళ్ళి చూసింది మీకు చెబుతాను.

నేను నరసరావుపేటలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నా దగ్గర కరుణ అనే అమ్మాయి పరిశోధన చేస్తోంది. క్వాంటమ్ కంప్యూటర్లలో వాడే ఒక చిన్న భాగం, సిలికాన్ ముక్క మీద సన్నటి అల్యూమినియం గీతలు, మా కాలేజీలోని పాత పూత యంత్రం మీదే తయారు చేసింది. గోరంత ఉంటుంది. అది మంచిదో కాదో తేలాలంటే అంతరిక్షం కన్నా చల్లటి చోట పెట్టి కొలవాలి. అలాంటి యంత్రం కొనే స్తోమత మాకు లేదు. మాలాంటి వాళ్ళ కోసమే ప్రభుత్వం డబ్బిచ్చి బెంగళూరులో ఒకటి పెట్టించింది. బయటి కాలేజీలకు అందులో కొంత సమయం ఇవ్వాలన్నది ఆ డబ్బుతో వచ్చిన షరతు.

మాకు సమయం దొరికింది. కానీ పంపేముందు పెట్టెలో సర్దుతుండగా చిప్పు విరిగింది. ఈసారికి మా వంతు రద్దు చేయండని రాశాం. జవాబు రాలేదు. మా వంతు రోజున మాత్రం ఫలితం వచ్చింది. మా కాలేజీ పేరుతో, కరుణ పేరుతో, అభినందనలతో ఒక గ్రాఫ్. గీత సాఫీగా వచ్చి, ఒకచోట లోయలా లోతుగా దిగి, మళ్ళీ పైకి లేచింది. చిప్పు మంచిదైతే రావలసింది అలాంటి లోయే. మేం కోరుకున్న దానికన్నా అందమైన లోయ.

"వచ్చిన లక్ష్మిని ఎవరైనా కాలితో తంతారా మాస్టారూ? థీసిస్‌లో పెట్టించండి" అన్నాడు మా శాఖాధిపతి. ఒకప్పుడు సెమినార్‌లో నేను మాట్లాడుతుండగా మైకు ఆపించినాయన ఈయనే.

కరుణకు గడువు ఈ టర్ముతో అయిపోతుంది. ఒక్క కొలత తప్ప థీసిస్ అంతా సిద్ధంగా ఉంది. ఆ కాగితాన్ని వేలితో తాకడానికి కూడా ఆమె ఇష్టపడలేదు. "ఇది నాది కాదు సార్. ఎవరిదో తెలియక నాకు భయమేస్తోంది" అంది. రాత్రింబవళ్ళు కష్టపడి ఇంకో చిప్పు చేసింది. రెండోసారి వంతు సంపాదించాం. ఈసారి కొరియర్‌ను నమ్మకుండా చిప్పును చిన్న డబ్బాలో పెట్టి, చొక్కా జేబులో వేసుకుని నేనే బయలుదేరాను.

పీణ్యలో రాగి పలక

చిప్పును తాము చెప్పిన కొలతల్లో ఉన్న రాగి పలక మీద బిగించి తేవాలని సంస్థ నియమం. మా ఊళ్ళో లేతు పనివాళ్ళు ఇత్తడైతే చేస్తామన్నారు. అందుకని బెంగళూరు స్టేషన్ నుంచి నేరుగా కార్ఖానాలుండే పీణ్యకు వెళ్ళాను. సందు సందంతా నూనె వాసన. కాలు పెట్టిన చోటల్లా లోహపు తురుము చెప్పులకు అంటుకుంటుంది. అక్కడ కాఫీ అరగ్లాసే ఇస్తారు. ధర మాత్రం మా పేటలో నిండు గ్లాసుకు ఇచ్చేదానికన్నా ఎక్కువ. అడిగితే "ఇక్కడ అంతే" అన్నాడు కాఫీ అతను. ఈ నగరంలో సగం ప్రశ్నలకు ఇదే జవాబు.

నారాయణప్పది చిన్న వర్క్‌షాపు. వాళ్ళ తాతలు పెనుకొండ వైపు నుంచి వచ్చారట.

"యా ఊరప్పా నీది?"

"నరసరావుపేట."

"అది యాడుండాది?"

మనసులో రాసుకున్నాను. "గుంటూరు పక్కన."

"ఓ, మిరపకాయలు! కూర్చో." నేను ఫోన్లో చూపించిన బొమ్మను సగం చూసి పక్కన పెట్టేశాడు. "ఈ పలకనా? ఇది నాకు కంఠపాఠమప్పా. మీ మాదిరి మేష్టర్లు చానా మంది చేయించుకోని పోయినారు. మదురై నుంచి ఒకాయమ్మ, అస్సాం నుంచి ఒకాయన."

"సరిగ్గా సరిపోయాయా?"

"సరిపోకేం? ఒక్కరన్నా తిరిగొచ్చినారా? ఈ పీణ్యలో మొల చేసిచ్చినా రెండుసార్లు వెనక్కొస్తాది. నూలంత హెచ్చింది, నూలంత తక్కువైంది అని ఒకటే గలాటా. ఇదొక్కటే, పోయింది పోయినట్లే. నా చెయ్యి అట్లుండాది!"

పక్క మిషన్ దగ్గరి మనిషి తల ఎత్తకుండానే అన్నాడు: "చెయ్యి కాదన్నా. నీ నోటికి జడిసి రారు."

"నీ పని చూసుకో పో" అన్నాడు నారాయణప్ప.

అందరం నవ్వాం. పలక అద్దంలా వచ్చింది. కానీ ప్రయోగశాలలో బతికినవాడిని. మొదటిసారికే చక్కగా కూర్చున్న వస్తువును నేను ఇంతవరకూ చూడలేదు. అంతమంది తీసుకుపోయిన పలకల్లో ఒక్కటి కూడా అరగదీయించడానికి తిరిగి రాలేదంటే అది నాకు మెప్పులా వినబడలేదు.

హెబ్బగోడిలో చల్లారని మంచం

బస అక్కణ్ణుంచి ఊరికి ఇంకో కొసన, హెబ్బగోడిలో. కరుణ బాబాయి ప్రభుదాసు అక్కడ ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. "లాడ్జీ ఎందుకు మాస్టారూ, మా పిల్ల గురువంటే మాకూ గురువే" అన్నాడు. నన్ను సరిగా పలకరించినవాడు ఆ ప్రయాణంలో ఆయనొక్కడే. అందుకే ఆయన పేరు మర్చిపోను.

అక్కడి గదులు రైలు పెట్టెల్లా వరసగా ఉంటాయి. ఒక మంచం ఇద్దరిది. పగటి డ్యూటీవాడు రాత్రి పడుకుంటాడు, రాత్రి డ్యూటీవాడు పగలు. అద్దె సగం పడుతుంది. మా వైపు హాస్టల్లో కూడా ఎవరి చాప వాళ్ళదే. నేను వెళ్ళేసరికి సాయంత్రమైంది. "కాసేపు నడుం వాల్చండి" అంటే మంచం మీద వాలి ఉలిక్కిపడి లేచాను. పక్క వెచ్చగా ఉంది. దిండు మీద తల పెట్టిన గుంట కూడా ఇంకా పోలేదు.

"ఎవరో ఇప్పుడే లేచినట్టున్నారే?"

"రెండో ఆయనండీ. డ్యూటీకి వెళ్ళుంటాడు."

"ఏ ఊరాయన?"

ప్రభుదాసు ఆలోచించాడు. "ఒడిశా అంటారండీ. నేనెప్పుడూ చూళ్ళేదు. నేనొచ్చేసరికి వెళ్ళిపోతాడు, నేను వెళ్ళాక వస్తాడు. చెప్పులు మాత్రం చూశాను."

పప్పుచారు, వంకాయ కూర పెట్టాడు. ప్రార్థనలో నా చిప్పును కూడా కలుపుకున్నాడు. ఆ రాత్రి ఎవరిదో తెలియని ఒంటి వెచ్చదనం మీద పడుకున్నాను.

గుసగుసల గది

మర్నాడు సంస్థకు వెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి జేబులో ఉన్నవన్నీ తీయించి, చిప్పును, పలకను కంప్యూటర్లో 'శాంపిల్' అని ఎక్కించుకున్నాడు. రిసెప్షన్లో కూర్చోమన్నవాళ్ళు లేరు. చాలాసేపయ్యాక సింధు అనే ఇంజనీరు వచ్చింది. హైదరాబాదు అమ్మాయి. ఆ యంత్రాన్ని నడిపేది ఆమే.

వరండా పొడవునా మేం నడుస్తుంటే ముందు దీపాలు వెలుగుతున్నాయి, వెనక ఆరిపోతున్నాయి. గదుల తలుపులకు పేర్లున్నాయి, లోపల మనుషుల్లేరు. కుర్చీలకు ప్లాస్టిక్ తొడుగులు అలాగే ఉన్నాయి. గోడల వెంట విప్పని చెక్కపెట్టెలు, ఒక్కోదాని మీద ప్రభుత్వ పథకం చీటీ. మా కాలేజీలో ఒక్క మీటరు కోసం ముగ్గురు పిల్లలు కొట్టుకుంటారు. ఇక్కడ డబ్బు పెట్టెల్లోనే నిద్రపోతోంది.

యంత్రం ఉన్న గది ముందు చెప్పులు విడవమంది. ఫోన్లు కట్టేయించింది.

"లోపల స్లోగా మాట్లాడాలి సర్. వైబ్రేషన్ వస్తే రీడింగ్ పాడవుతుంది" అంది, అప్పటికే గుసగుసగా.

గది మధ్యలో ఇనుప చట్రానికి వేలాడుతూ తెల్లటి పొడవాటి పీపా ఉంది. దాని మీద ఆయుధపూజ నాటి కుంకుమ బొట్లు, ఎండిపోయిన బంతిపూల దండ. ఎక్కడి నుంచో సస్... సస్... అని ఆగకుండా ఒక శబ్దం. పెద్ద జంతువేదో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంది. కాసేపటికి నా ఊపిరి కూడా దానితో కలిసి నడుస్తోందని గమనించాను. ఆపుదామనుకున్నా వెంటనే కుదరలేదు.

పక్కన తెర మీద మా కాలేజీ పేరు. కరుణ పేరు. 'కొలత జరుగుతోంది' అన్న మాట. దాని కింద ఒక గీత ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా పెరుగుతోంది.

నేను జేబు తడుముకున్నాను. డబ్బా జేబులోనే ఉంది. చిప్పు డబ్బాలోనే ఉంది.

"అమ్మా, మా చిప్పు ఇదిగో. ఇంకా మీకు ఇవ్వనేలేదు."

"అవును సర్."

"మరి అది దేన్ని కొలుస్తోంది?"

"మీ స్లాట్ స్టార్ట్ అయింది కదా సర్. టైమ్‌కి ఆటోమేటిగ్గా రన్ అవుతుంది."

"లోపల ఏముంది?"

"శాంపిల్ ఉంది సర్."

"ఎవరిది?"

ఆమె నన్ను వింతగా చూసింది. "స్లాట్ ఎవరిదైతే వాళ్ళది."

మేం చూస్తుండగానే గీత ఒకచోట కుంగడం మొదలైంది. సంచిలోంచి మొదటి గ్రాఫ్ తీసి తెర పక్కన పట్టుకున్నాను. కాగితం మీది లోయలోకే తెర మీది గీత అడుగు తప్పకుండా దిగుతోంది. అడుగున ఎడమ పక్క ఒక చిన్న గంటు కూడా ఉంది. కాగితంలో ఉన్నచోటే, తెర మీదా వచ్చింది. సింధు ఊపిరి బిగబట్టింది. రెంటినీ పక్కపక్కన పెట్టి ఆమె ఎప్పుడూ చూడలేదని నాకప్పుడు అర్థమైంది. యంత్రం మాత్రం ఊపిరి తీస్తూనే ఉంది.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో భోజనం

సింధు ఉండేది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో. అక్కడ ఆంధ్రా భోజనం బాగుంటుందని తీసుకెళ్ళింది. సాంబారు తియ్యగా ఉంది. గోంగూర అడిగితే అయిపోయిందన్నారు, పక్క బల్లకు మాత్రం వడ్డించారు. అదీ గుర్తుపెట్టుకున్నాను.

విచిత్రం ఏమిటంటే హోటల్లో కూడా సింధు గుసగుసగానే మాట్లాడింది. ఆమె ఏమడిగిందో వినబడక సర్వరు మూడుసార్లు వంగాడు.

"గట్టిగా చెప్పమ్మా, ఇక్కడేం పాడవదు" అన్నాను.

"అలవాటైపోయింది సర్. మా అమ్మ కూడా ఫోన్లో తిడుతుంది, ఏదో సీక్రెట్ చెప్తున్నట్టు మాట్లాడతావేంటే అని."

అన్నం కలుపుతూ ఆగి అసలు సంగతి చెప్పింది. ఆ యంత్రం చల్లబడాలంటే రోజులు పడుతుంది. కొత్త చిప్పు పెట్టాలంటే దాన్ని మళ్ళీ మామూలు వేడికి తెచ్చి మూత తీయాలి. డబ్బు ఇచ్చేవాళ్ళు సమీక్షకు వచ్చినప్పుడు చూసేది ఒక్కటే, యంత్రం ఎంతకాలం ఆగకుండా చల్లగా ఉందన్నది. మూత తీసినన్నాళ్ళూ 'పనిచేయని కాలం' కింద పడుతుంది. అందుకని మూత తీయడం మానేశారు. కాలేజీలకు వంతులు ఇవ్వాలన్న షరతు కూడా ఉంది కనుక వంతులు ఇస్తున్నారు. ఎవరి వంతు వస్తే వాళ్ళ పేరుతో లోపలున్నదాన్నే కొలుస్తున్నారు.

"నేను జాయిన్ అయ్యేసరికే కోల్డ్‌లో ఉంది సర్. మూత తీయడం ట్రైనింగ్ వీడియోలో చూడటమే."

"లోపలున్నది ఎవరు పెట్టారు?"

"ఇనాగరేషన్ టైమ్‌లో ఎవరో. ఆయన వెళ్ళిపోయారు. ఏ ఊరో కూడా ఎవరికీ తెలీదు." పెరుగు వైపు చూస్తూ ఇంకా మెల్లగా అంది: "ఒక్కోసారి లోపల అసలేమీ లేదేమో అనిపిస్తుంది సర్. కానీ ఏమీ లేకపోతే గ్రాఫ్ అలా కిందికి దిగదు, ఆ డిప్ రాదు కదా. ఏదో ఉంది."

"ఇంతమందికి ఒకే గ్రాఫ్ వెళ్తుంటే ఎవరూ అడగలేదా?"

"అందరికీ బాగానే వస్తోంది సర్. థ్యాంక్స్ చెప్తూ మెయిల్ పెడతారు."

నిజమే. మంచి ఫలితం వచ్చిందని ఫిర్యాదు చేసేవాడు ఎవడుంటాడు? అక్కడ, ఆ తియ్యటి సాంబారు ముందు కూర్చున్నవాడు ఒకడున్నాడు.

మా జిల్లావాడు

చివరి రోజు సంస్థలో ఆ విభాగం అధిపతి డాక్టర్ శేషగిరి నన్ను లోపలికి పిలిచాడు. మా పాత గుంటూరు జిల్లావాడే. మాట తీరులోనే పోల్చుకున్నాను. అయినా కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"ఫలితం వచ్చిందా లేదా?" అన్నాడు.

"వచ్చింది."

"బాగుందా లేదా?"

"బాగుంది."

"మరింకేంటండీ మీ బాధ?"

"అది మా చిప్పుది కాదు."

"మాస్టారూ, మూత తీస్తే సమీక్షలో ఎర్రగీత పడుతుంది. ఎర్రగీత పడితే వచ్చే విడత నిధులు రావు. నిధులు రాకపోతే మీలాంటి కాలేజీలకు ఈ సౌకర్యమే ఉండదు. మీ కోసమేగా దాన్ని చల్లగా కాపాడుతోంది!"

ఆ మాట ఆయన నవ్వుతూ అనలేదు. నిజంగానే నమ్మి అన్నాడు. నన్ను భయపెట్టింది అదే.

"పెట్టి వెళ్ళండి, మూత తీసిన రోజు మీదే ముందు పెడతాం" అని ఒక అద్దాల బీరువా చూపించాడు. అందులో అరలనిండా రాగి పలకలు. నారాయణప్ప చేతిపని, ఒక్క గీత పడలేదు. ఒక్కోదాని మీద ఒక్కో గోరంత చిప్పు, కింద ఊరి పేరు. మదురై ఉంది. అస్సాం ఉంది. చివరి అరలో ఖాళీగా ఉన్న చోట అప్పటికే నరసరావుపేట అని చీటీ అంటించి ఉంది.

"నేను ఇవ్వను. వెనక్కి తీసుకెళ్తాను" అన్నాను.

"మీ ఇష్టం" అన్నాడు శేషగిరి. జిల్లాలో ఎవరి తాలూకు అని కూడా అడగలేదు.

గేటు దగ్గర

గేటులో సెక్యూరిటీ మనిషి చిప్పు వివరాలు కంప్యూటర్లో కొట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "సార్, ఇదు ఒళగె ఇదె." ఇది లోపల ఉంది అని. తెర నావైపు తిప్పాడు. నిజంగానే కరుణ చిప్పు యంత్రంలో ఉందని, కొలత జరుగుతోందని రాసి ఉంది. లోపల ఉన్నది బయటికి ఎలా పోతుందన్నది అతని ప్రశ్న.

"మరి నా చేతిలో ఉన్నదేమిటి?"

అతను తెర వంక చూశాడు, డబ్బా వంక చూశాడు, నా మొహం వంక చూశాడు. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

నేను కదలలేదు. గేటుకు అడ్డంగా నిలబడ్డాను. రెండు కార్లు హారన్ కొట్టాయి. సింధును పిలిపించారు. ఆమె చాలాసేపు వెతికి, సిస్టమ్‌లో ఒక్క దారి ఉందంది. లోపల ఉన్న వస్తువు చెత్త కింద మాత్రమే బయటికి పోగలదు. ఇది చెత్త అని నేను ఒప్పుకుని సంతకం పెడితే జేబులో వేసుకుని వెళ్ళొచ్చు.

కరుణకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"సంతకం పెడితే మన చేతికి వస్తుంది తల్లీ. ఏమంటావు?"

"చెత్త అని మీరు రాసిచ్చాక రేపు దాన్ని ఎవరు కొలిచినా చెత్తను కొలిచినట్టే కదా సార్. థీసిస్‌లో ఏమని రాయను? వద్దు. అది చెత్త కాదు."

సంతకం పెట్టలేదు. డబ్బాను సింధు చేతిలో పెట్టాను. ఆమె రెండు చేతులతో, నిద్రపోతున్న పసిపిల్లను అందుకున్నట్టు అందుకుంది. ఏదో అంది. గుసగుస కనుక రోడ్డు రొదలో నాకు వినబడలేదు. ఆమె వెళ్తుంటే వరండా దీపాలు ఒక్కొక్కటే వెలిగి, ఒక్కొక్కటే ఆరిపోయాయి.

ఇంటికి వచ్చాక

నేను ఊరు చేరేసరికి రెండో గ్రాఫ్ నాకన్నా ముందే వచ్చి కూర్చుంది. మళ్ళీ అభినందనలు. కరుణ రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకు పట్టి చూపించింది. ఒకటే గీత కనబడింది. మదురైలో ఒకామె, అస్సాంలో ఒకాయన ఇదే లోయను తమదనుకుని దాని మీద పేపర్లు రాసుకుంటూ ఉంటారు. ఎవరో తెలియని ఒక మనిషి చేతిపని ఆ చీకట్లో ఒంటరిగా, మా అందరి పేర్లతో మాటిమాటికీ కొలవబడుతోంది. తనదేనని అతనికి ఎవరూ చెప్పలేదు.

కరుణకు గడువు దగ్గరపడింది. దొంగ గ్రాఫ్ పెట్టి డిగ్రీ తీసుకోనంటోంది. నేనూ పెట్టించను. గడువు దాటితే ఆమె చేసిన ఇన్నేళ్ళ పనీ ఆ బీరువాలో చీటీగా మిగిలిపోతుంది.

శేషగిరి గారూ, మీరు చదువుతారని తెలిసే ఇది అచ్చుకు ఇస్తున్నాను. నిధులిచ్చే పెద్దలారా, మీకూ ఇదే మాట. చల్లగా ఉందా అని మాత్రమే అడిగారు కనుక వాళ్ళు చల్లగా ఉంచారు. లోపల ఎవరిది ఉందో ఒక్కసారి అడగండి. ఎర్రగీత పడితే పడనివ్వండి. ఆ యంత్రాన్ని వేడెక్కనిచ్చి, ఉన్నదాన్ని బయటికి తీసి, అది ఎవరిదో కనుక్కుని వాళ్ళకు చేర్చండి. తర్వాత మా అమ్మాయి చిప్పు పెట్టండి. లోయ రాకపోయినా ఫరవాలేదు, గీత తిన్నగా వచ్చినా ఫరవాలేదు. చెడ్డదైనా మా ఫలితం మాకు కావాలి.

మూత ఎప్పుడు తీస్తారు? తారీఖు చెప్పండి. యంత్రం కాదు, మనిషి చెప్పాలి.